ఆకాశానికి ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఆకాశం దగ్గర ఆ లెక్క కుదరదు. రోజుకు రెండుసార్లు, మన టైం ప్రకారం ఉదయం 5:30, సాయంత్రం 5:30 లెక్కల కోసం వాతావరణ కేంద్రాలు బెలూన్లు ఎగరేస్తాయి. కింద వేలాడే చిన్న పెట్టె పైకి పోతూ పోతూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు పంపుతుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున బెలూన్ పగిలిపోతుంది. మళ్లీ 12 గంటల దాకా అంతే. హైదరాబాద్‌లో మే నెలలో ఉరుములతో కుండపోత కురిపించే క్యుములోనింబస్ మేఘం ఈలోపు పుట్టి, రోడ్లు ముంచి, మాయమైపోతుంది కూడా.

వాతావరణాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఏ పూటా తెల్లకాగితంతో మొదలుపెట్టదు. పాత అంచనాను పక్కన పెట్టుకుని, కొత్త కొలతలతో దాన్ని సరిదిద్దుకుంటుంది. రెండింటిలో దేన్నీ పూర్తిగా నమ్మదు. ఎందులో ఎంత తప్పుండొచ్చో చూసి, దానికి తగ్గ విలువే ఇస్తుంది. మొదట్లో దొర్లిన చిన్న తేడా ఏం చేస్తుందో 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ చూశాడు. కంప్యూటర్‌కు 0.506127 బదులు 0.506 ఇచ్చాడు, కాసేపటికి లెక్కలో వచ్చిన వాతావరణమే వేరైపోయింది.

అందుకే నాకు 2019లో యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా కేంద్రం (యూరోపియన్ సెంటర్) చేసిన మార్పు పెద్దదనిపిస్తుంది. అంతకుముందు లెక్క మొదలయ్యాక వచ్చిన డేటాకు ఆ విడతలో చోటుండేది కాదు. ఇప్పుడు లెక్క నడుస్తుండగానే కొత్తగా వచ్చినవీ కలుపుకుంటున్నారు. బస్సు కదిలాక కూడా ఎక్కించుకున్నట్టు. మరుసటి ఏడాది కోవిడ్‌తో విమానాలు ఆగాయి. వాటి నుంచి వచ్చే గాలి, ఉష్ణోగ్రతల డేటా బాగా పడిపోయింది. ప్రయాణికుల విమానాలు ఫోర్‌కాస్ట్‌కు ఇంత పనికొస్తాయని చాలామందికి అప్పుడే తెలిసింది.

మన దగ్గర 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు అందరూ 6 కిలోమీటర్ల గ్రిడ్ గురించే, అంటే లెక్క కోసం నేలను విడగొట్టే గడుల సైజు గురించే మాట్లాడారు. మంచిదే. కానీ గడి ఎంత చిన్నదైనా అందులో పోసే డేటా పాచిపోయినదైతే లాభమేంటి? కొలత తీసిన ఎన్ని నిమిషాలకు అది మోడల్‌కు చేరుతోందని అడిగేవాళ్లు తక్కువ. మన తుపాన్లు పుట్టే బంగాళాఖాతంలో నడి సముద్రం మీద రోజూ బెలూన్ ఎగరేసే కేంద్రాలు లేవు. ఉపగ్రహాలు, నీళ్లమీద అక్కడక్కడా తేలుతూ కొలతలు పంపే పరికరాలు (బాయ్‌లు), ఒడ్డున రాడార్లే దిక్కు. ఆ రాడార్లూ గట్టివేం కావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటుతున్నప్పుడు, దాన్ని చూస్తున్న విశాఖ రాడారే దెబ్బతింది.