ఆడలేక మద్దెల ఓడు

'టాయ్ స్టోరీ' అయిదో భాగం 2026 జూన్‌కు, 'ఫ్రోజెన్' మూడోది 2027 నవంబరుకు, 'కోకో' రెండోది 2029కి. డిస్నీ, దాని చేతిలోని యానిమేషన్ స్టూడియో పిక్సార్ పిల్లల సినిమాలకు తేదీలు రాసుకుపోతున్న తీరు ఇది. వేరే కంపెనీ వాళ్ల 'ష్రెక్', డిస్నీ చేతిలోనే ఉన్న 'ఐస్ ఏజ్' కూడా 2027 వరసలోనే ఉన్నాయి. ఇన్ని సీక్వెల్స్ ఎందుకయ్యా అంటే, కొత్త కథ తీస్తే జనం థియేటర్‌కు రావడం లేదట! 2025 జూన్‌లో కొత్త కథతో వచ్చిన 'ఎలియో' పిక్సార్ చరిత్రలోనే అతి తక్కువ ఓపెనింగ్‌తో చతికిలపడ్డాక ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తోంది. అంటే తప్పంతా పిల్లల చెయ్యి పట్టుకుని టికెట్ కౌంటర్ దాకా వచ్చే అమ్మానాన్నలదన్నమాట. ఈ నిందను మేం ఒప్పుకోం.

ఆ అమ్మానాన్నలను ఇంట్లో కూర్చోబెట్టింది ఎవరు? 2020 డిసెంబరులో పిక్సార్ సినిమా 'సోల్' నేరుగా ఓటీటీకి వెళ్లింది. కోవిడ్ కదా అని సరిపెట్టుకున్నాం. 2021లో 'లూకా'దీ అదే దారి. 2022 మార్చి వచ్చేసరికి ఆ సాకు కూడా చెల్లదు. వారం ముందే విడుదలైన 'ది బ్యాట్‌మ్యాన్'కు అమెరికాలో జనం బారులు తీరారు. అయినా 'టర్నింగ్ రెడ్'ను ఇంటికే పంపారు. మూడూ కొత్త కథలే. మరో మూడు నెలలకు 'టాయ్ స్టోరీ' ఇంటిపేరుతో వచ్చిన 'లైట్‌ఇయర్'కు మాత్రం థియేటర్లలో రాచమర్యాద చేశారు. అంత పేరుండీ అది బోల్తా కొట్టిందనుకోండి, అది వేరే సంగతి. ఇక 'మోవానా 2' మొదలైందే ఓటీటీ సిరీస్‌గా. దాన్ని పట్టుకొచ్చి సినిమాగా మార్చి, 2024లో థియేటర్లలో వేసి, వంద కోట్ల డాలర్లకు పైగా రాబట్టారు. కొత్త కథ ఇంట్లో చూడాలి, పాత పేరైతే థియేటర్‌కు రావాలి అని జనానికి అలవాటు చేసింది వీళ్లే. ఆ అలవాటు పడినందుకు ఇప్పుడు తప్పుపడుతున్నదీ వీళ్లే.

మన దగ్గరా అదే తంతు. 2019లో 'ఫ్రోజెన్ 2' తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నారి ఎల్సాకు మహేశ్ బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. ఊరంతా తెలిసింది. మరుసటి ఏడాది 'సోల్' వచ్చిన సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఒక్కో సినిమాకు ఇరవై కోట్ల డాలర్ల దాకా పెట్టేవాళ్లు తెలిసిన పేరును నమ్ముకోవడంలో తప్పేముంది అనేవారున్నారు. 'ఇన్‌సైడ్ అవుట్ 2' 169 కోట్ల డాలర్లు తెచ్చిన మాటా నిజమే. కానీ ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? 2015లో అదీ కొత్త కథే, దాన్ని థియేటర్‌లో చూసిందీ ఈ ప్రేక్షకులే. 1995 నుంచి 2009 దాకా పిక్సార్ తీసిన పది సినిమాల్లో సీక్వెల్ ఒక్కటే. 2010 నుంచి 2019 దాకా వచ్చిన పదకొండింటిలో ఏడు పాత కథలకు ముందు భాగాలో, తర్వాతి భాగాలో. అప్పుడు కోవిడ్ లేదు. జనం రావడం లేదన్న ఏడుపూ లేదు. 2017లో 'కోకో'కు బ్రహ్మాండంగా వచ్చారు. మరి అప్పటి దారి మళ్లింపు ఎవరి పుణ్యం?

2023లో 'ఎలిమెంటల్' తొలి వారాంతం చూసి పని అయిపోయిందన్నారు. థియేటర్లో ఉండనిచ్చారు కాబట్టి నెమ్మదిగా పుంజుకుని యాభై కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది. కొత్త కథకు కావలసింది ఆ మాత్రం ఓపికే. డిస్నీకి అది ఉందా? 2023 ఫిబ్రవరిలో అప్పటి అధినేత బాబ్ ఐగర్ ఏడు వేల ఉద్యోగాల కోత, 'టాయ్ స్టోరీ', 'ఫ్రోజెన్', 'జూటోపియా' సీక్వెల్స్ ఒకే రోజు ప్రకటించారు. ఆ కోత కూడా ప్రేక్షకుడే పెట్టమన్నాడా?

ఇంతకీ 'టాయ్ స్టోరీ 5' కథ వినండి. బొమ్మలతో ఆడుకునే చిన్నారి బానీ చేతికి ట్యాబ్లెట్ వస్తుంది, బొమ్మలకు దిగులు పట్టుకుంటుంది. వరసగా మూడు కొత్త సినిమాలను అదే ట్యాబ్లెట్‌లోకి తోసిన కంపెనీ ఇప్పుడు టికెట్ పెట్టి మరీ మనకు ఆ దిగులు చూపిస్తుందట. సిగ్గుండాలి. తర్వాతి కొత్త కథకు సీక్వెల్‌కు ఇచ్చినన్ని థియేటర్లు, అంత ప్రచారం, నాలుగు వారాల ఓపిక ఇచ్చి చూడండి. అది చేతకాకపోతే పిల్లల మీద, వాళ్ల అమ్మానాన్నల మీద పడి ఏడవడమైనా మానండి.