సర్కారు బాకీకి విద్యార్థి జామీనా?

ప్రభుత్వం చెల్లించవలసిన ఫీజు సకాలంలో రాకపోతే ఆ మొత్తాన్ని తామే కడతామని విద్యార్థుల చేత, వారి తల్లిదండ్రుల చేత స్టాంపు పేపర్ల మీద రాయించుకునే పద్ధతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని కొన్ని ప్రైవేటు కళాశాలల్లో చడీచప్పుడు లేకుండా వేళ్లూనుకుంటోంది. పరీక్షల ముందు హాల్‌టికెట్ చేతికి రావాలన్నా, చదువు ముగిశాక టీసీ, మార్కుల జాబితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని గడప దాటాలన్నా ముందు ఆ కాగితం మీద సంతకం పడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల సంగతి మా పాఠకులకు కొత్త కాదు. విడతలు ఆగడం, యాజమాన్యాలు గగ్గోలు పెట్టడం, విద్యార్థి సంఘాలు కలెక్టరేట్ల ముందు బైఠాయించడం, కొంత సొమ్ము విడుదలై అంతా సద్దుమణగడం ఏటా జరుగుతున్నదే. కానీ ఈ కాగితం అలాంటిది కాదు. ప్రభుత్వం చేసిన బాకీకి పద్దెనిమిదేళ్ల విద్యార్థిని జామీనుదారుగా నిలబెట్టే పత్రమిది. దీన్ని ఈ ఏడాది చూసీచూడనట్లు వదిలేస్తే వచ్చే ఏడాదికి ఆనవాయితీ అవుతుంది, ఆపై ఏడాదికి అడ్మిషన్ ఫారంలోనే ఒక నిబంధనగా చేరిపోతుంది.

అటువంటి పత్రం ఒకటి మా కార్యాలయానికి వచ్చింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇంగ్లిషులో టైపు చేసిన పది పన్నెండు వరుసలు. పేరు, రోల్ నంబరు, బ్రాంచి రాయడానికి ఖాళీలు. ఎంత బాకీకి పూచీ పడుతున్నారో చెప్పవలసిన చోట కూడా ఖాళీయే. తేదీ లేదు. అడుగున విద్యార్థిని సంతకం, దాని పక్కన తండ్రి వేలిముద్ర ఉన్నాయి. ఆయన పలాసలో జీడిపప్పు బట్టీలో కూలి. తాను ఏ భాషలో, ఎంత మొత్తానికి, ఏ రోజు నుంచి బాకీదారునయ్యానో ఆయనకు తెలిసే దారి లేదు. ఇంటర్ ముగించి డిగ్రీలోనో, ఇంజినీరింగులోనో చేరే పిల్లల్లో చాలామందికి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండవు. మైనరు రాసిన ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. ఆ సంగతి యాజమాన్యాలకు తెలుసు కనుకనే తండ్రి వేలిముద్ర కూడా వేయిస్తున్నాయి. కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది ఆ కాగితం రాయించినవారికి ముఖ్యం కాదు. అది బీరువాలో ఉన్నంతకాలం ఆ కుటుంబం తలెత్తి అడగలేదన్నదే వారికి కావలసిన భరోసా.

కళాశాలలకూ ఇబ్బందులున్నాయి, అధ్యాపకుల జీతాలు నెలల తరబడి ఆగిపోతున్నాయని, బ్యాంకు వాయిదాలు తలమీదికి వచ్చాయని వారు చెప్పేది అబద్ధం కాదు. పాత ప్రభుత్వం మిగిల్చిన బకాయిల బరువు మోస్తున్నామని నేటి ప్రభుత్వం చెప్పే మాటలోనూ కొంత నిజముంది. అయితే ఈ రెండు బాధల్లో ఏ ఒక్కటీ విద్యార్థి వల్ల వచ్చింది కాదు. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, సీటు ఇచ్చినది ప్రభుత్వం, ఆ సీటుకు ఫీజు నిర్ణయించినది ప్రభుత్వం, అర్హులకు ఆ ఫీజు తానే కడతానని మాట ఇచ్చినదీ ప్రభుత్వమే. ఆ మాట నమ్మి సీట్లు నింపుకొని, ఆ సంఖ్యను చూపించి గుర్తింపు కాపాడుకున్నవి కళాశాలలు. ఇవ్వవలసినవారికి, పుచ్చుకోవలసినవారికి మధ్య తగవు వస్తే సర్టిఫికెట్ మాత్రం పిల్లది ఆగిపోవడం ఏ న్యాయం?

ఈ పరిస్థితి ఒక్క రోజులో రాలేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) విద్యార్థులకూ ఫీజు రీయింబర్స్‌మెంట్ అందడం మొదలైనప్పుడు లెక్క సూటిగా ఉండేది: ప్రభుత్వం బాకీ, కళాశాలకు రాబడి, విద్యార్థి నిశ్చింత. తరువాత ఇంజినీరింగులో పది వేల ర్యాంకు దాటినవారికి రూ.35 వేల పరిమితి వచ్చింది, మిగతాది కుటుంబం నెత్తిన పడింది. 2019లో పూర్తి ఫీజు ఇస్తామంటూ విద్యా దీవెన వచ్చింది. దానికి తోడుగా హాస్టల్, భోజన ఖర్చుల కోసం ఐటీఐ వారికి రూ.10 వేలు, పాలిటెక్నిక్ వారికి రూ.15 వేలు, డిగ్రీ, ఆపై చదువుల వారికి రూ.20 వేలు ఇచ్చే వసతి దీవెనను 2020 ఫిబ్రవరి 24న అప్పటి ముఖ్యమంత్రి మన విజయనగరంలోనే ప్రారంభించారు. ఆ సభకు బస్సుల్లో తరలివచ్చిన విద్యార్థుల ఉత్సాహం ఈ పత్రిక మరచిపోలేదు. ఆ మరుసటి ఏడాది ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తల్లికి గౌరవం ఇస్తున్నామని, కళాశాలను నిలదీసే హక్కు ఇస్తున్నామని చెప్పారు. జరిగినది మరొకటి. అప్పటివరకు ప్రభుత్వం వైపు చూసిన కళాశాల అకౌంటెంటు ఆ రోజు నుంచి తల్లి వైపు చూడటం మొదలుపెట్టాడు. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టి ఫీజు కళాశాలకే చేరాలని చెప్పినా, వ్యవహారం వెంటనే చక్కబడలేదు. తరువాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాలు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక సొమ్మును మళ్లీ కళాశాలల ఖాతాలకే మళ్లించారు. ఇది సరైన నిర్ణయమని అప్పుడే అన్నాం, ఇప్పుడూ అంటాం. కానీ పథకానికి పేరు మారింది, సొమ్ము వెళ్లే దారి మారింది, సొమ్ము మాత్రం వేళకు రాలేదు. మధ్యలో తల్లిదండ్రులను బాకీదారులుగా చూసే అలవాటు కళాశాలల్లో స్థిరపడిపోయింది. నేటి స్టాంపు పేపరు ఆ అలవాటుకు పుట్టినదే.

ఎస్సీ విద్యార్థుల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. పదో తరగతి తరువాతి చదువుల కోసం 1944 నుంచి నడుస్తున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకాన్ని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మార్చి, ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని తేల్చింది. ఐదేళ్లకు మొత్తం రూ.59,048 కోట్లని లెక్క వేసి, అందులో రూ.35,534 కోట్లు తన వాటాగా ప్రకటించింది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అదీ రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాకే. అంటే రాష్ట్రం ఆలస్యం చేసిన ప్రతిసారీ కేంద్రం సొమ్మూ అక్కడే ఆగుతుంది. ఒకే ఏడాది ఫీజు రెండు ముక్కలై, రెండు వేర్వేరు రోజుల్లో వస్తుంది. ఆధార్‌తో బ్యాంకు ఖాతా సరిగా అనుసంధానం కాకపోతే కేంద్రం ఇచ్చే ముక్క కూడా ఎక్కడ చిక్కుకుందో సచివాలయంలోనూ చెప్పలేరు, బ్యాంకులోనూ చెప్పలేరు. ఈ గందరగోళంలో చిక్కుకున్న విద్యార్థి దగ్గరికి వెళ్లి ‘నీ బాకీ ఎప్పుడు కడతావు’ అని అడగడానికి కళాశాలకు నోరెలా వస్తోంది? ఫీజు ముందుగా కట్టకుండానే ఎస్సీ విద్యార్థిని చేర్చుకునేందుకు ఫ్రీషిప్ కార్డు ఉండాలని ఆ పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ కార్డును చూపించి సీటు పొందినవారిని చివరకు స్టాంపు పేపరు దగ్గర నిలబెట్టడం పథకం స్ఫూర్తినే కాలరాయడం.

సర్టిఫికెట్ ఆగితే మన జిల్లాల్లో ఏమవుతుందో రాజధానిలో కూర్చున్నవారికి తెలియకపోవచ్చు. ఉద్దానం నుంచి, తీర గ్రామాల నుంచి జనం పొట్ట చేతబట్టుకుని చెన్నైకీ, హైదరాబాద్‌కూ, గుజరాత్‌లోని వెరావల్ రేవుకూ వలసపోయేది పిల్లలు ఆ దారి పట్టకూడదన్న ఆశతో. నెల్లిమర్లలోనో బొబ్బిలిలోనో జూట్ మిల్లు లాకౌట్ పడినప్పుడు ఆ ఇంట్లో మిగిలే ఆసరా డిగ్రీ పూర్తిచేసిన కొడుకో కూతురో. ఆ బిడ్డకు విశాఖలో ఉద్యోగం వచ్చి, చేరవలసిన తేదీ లోగా ఒరిజినల్స్ చూపించమంటే, కళాశాల వారు బకాయి తీరాకే ఇస్తామంటారు. వడ్డీకి తెచ్చి కట్టగలిగినవారు కడతారు. కట్టలేనివారి ఉద్యోగం పోతుంది. ఆరు నెలల తరువాత ప్రభుత్వ సొమ్ము వచ్చినా, అప్పటికే కుటుంబం కట్టిన మొత్తాన్ని కళాశాల తిరిగి ఇచ్చిందో లేదో చూసే నాథుడు లేడు. ఒకే ఫీజు రెండుసార్లు వసూలయ్యే దారి ఇది. ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలా? ఇంటి మీదికి బాకీ వచ్చిందన్న భయం పుడితే మొదట ఆగిపోయేది వారి చదువే.

ఇతర సాయాలు లేవా అని అడిగేవారున్నారు. ఉన్నాయి. సాంకేతిక విద్య చదివే బాలికలకు ఏడాదికి రూ.50 వేలు ఇచ్చే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన డిగ్రీ విద్యార్థులకు కేంద్రం ఏడాదికి రూ.12 వేలు ఇచ్చే పథకం ఉంది. వీటికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలని ప్రతి కళాశాల నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎన్నింటి మీద ఉందో ప్రిన్సిపాళ్లే చెప్పాలి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి తాకట్టు లేని రుణం ఇస్తుంది కానీ, అది ప్రధానంగా జాతీయ ర్యాంకుల్లో ముందున్న సంస్థలకు, కేంద్ర సంస్థలకు పరిమితం. మన జిల్లాల్లో అనుబంధ డిగ్రీ కళాశాలల్లో చదివేవారిలో చాలామంది ఆ గీతకు ఇవతలే ఉండిపోతారు. కనుక ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇవేవీ బదులు కావు.

మా భయమంతా ఈ కాగితం నెలకొల్పే ఆనవాయితీ గురించే. ప్రభుత్వం ఒక సంక్షేమ పథకం ప్రకటించి, దాని సొమ్ము వేళకు ఇవ్వక, ఆ సొమ్ము అందుకోవలసిన సంస్థ లబ్ధిదారు మెడకు ఉచ్చు బిగిస్తే చూస్తూ ఊరుకోవచ్చునని నేడు కళాశాలల్లో తేలిపోతే, రేపు అది కళాశాలలతో ఆగదు. పేదలకు ఉచిత వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు కూడా బకాయిల కోసం పదేపదే ఆందోళనకు దిగుతున్నవే. రేపు ఒక ఆసుపత్రి రోగి బంధువు చేత ఇలాంటి పత్రం రాయించుకుని ఆపరేషన్ థియేటర్ తలుపు తీస్తే, దాన్ని తప్పని చెప్పడానికి ఈ ప్రభుత్వానికి ఏ నైతిక అధికారం మిగులుతుంది? తన పథకంలో తానే బాకీపడి, ఆ బాకీకి పేదవాడు పూచీ పడుతుంటే పట్టించుకోని ప్రభుత్వం, కరెంటు బిల్లుకో ఇంటి పన్నుకో గడువు దాటిందంటే అదే పేదవాడి దగ్గర అపరాధ రుసుము వసూలు చేస్తుంది. తన బకాయిల మీద మాత్రం పైసా వడ్డీ కట్టదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని, పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే స్పష్టంగా ఆదేశించింది. ఆ ఆదేశాన్ని అమలు చేయించవలసినవి గుర్తింపునిచ్చే విశ్వవిద్యాలయాలే. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ–గురజాడ తమ అనుబంధ కళాశాలలన్నిటికీ ఈ వారమే సర్క్యులర్ పంపాలి. ప్రభుత్వ ఫీజు కోసం రాయించుకున్న హామీపత్రాలు చెల్లవని, వాటిని విద్యార్థులకు తిరిగి ఇచ్చి రశీదు తీసుకోవాలని అందులో రాయాలి. హాల్‌టికెట్లను విద్యార్థి నేరుగా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ నుంచి తీసుకుని పరీక్షకు వెళ్లే ఏర్పాటు చేస్తే కళాశాల చేతిలో ఆ ఆయుధమే ఉండదు. ఏ కళాశాలకు ఏ విడత వరకు చెల్లించారో, ఎంత మిగిలిందో ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. అప్పుడు ఒకే ఫీజు రెండుసార్లు వసూలు చేసిన కళాశాల ఏదో తల్లిదండ్రులకే తెలుస్తుంది. విడత గడువు దాటితే వడ్డీతో చెల్లించే నిబంధనను ప్రభుత్వం తన మీద తానే విధించుకోవాలి.

ఇద్దరు కలెక్టర్లకూ మా విజ్ఞప్తి ఒక్కటే. ఫిర్యాదు రాలేదు కాబట్టి సమస్య లేదని అనవద్దు. సర్టిఫికెట్ కళాశాల బీరువాలో ఉండగా ఏ విద్యార్థి ఫిర్యాదు చేస్తాడు? సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖల అధికారులను కళాశాలలకు పంపించి ఆ బీరువాలు తెరిపించండి. యాజమాన్యాలకూ చెబుతున్నాం: మీకు రావలసినది ప్రభుత్వం నుంచి, దాని కోసం కోర్టుకు వెళ్లండి, సచివాలయం ముందు కూర్చోండి, ఈ పత్రిక మీ పక్షాన రాస్తుంది. వేలిముద్ర వేసిన కూలివాని దగ్గరకు మాత్రం వెళ్లవద్దు. ఇక ప్రభుత్వ పెద్దలు వేదికల మీద విద్యార్థుల భవిష్యత్తు గురించి మాట్లాడే ముందు, తమ బాకీకి ఆ విద్యార్థులు జామీనుగా రాసిచ్చిన కాగితాలను ఒక్కసారి తెప్పించుకుని చదవాలి, చదివాక సొమ్ము విడుదల చేసి గానీ మళ్లీ మైకు పట్టుకోకూడదు.