ఒబామా, మాంద్యం, మసీదు: ఆ ఫార్వర్డ్‌లో ఎన్ని అబద్ధాలో

అమెరికాలో ఎన్నికల వేడి మొదలైతే చాలు, తెలుగు గ్రూపుల్లోకి ఆ పాత మెసేజ్ మళ్లీ దిగుతుంది. ఒబామా ఎకానమీని ముంచాడు, స్టిములస్ (ఎకానమీని లేపడానికి ప్రభుత్వం పెట్టిన) డబ్బంతా బ్యాంకులు మింగాయి, ఖురాన్ మీద ప్రమాణం చేశాడు, గ్రౌండ్ జీరో (9/11 దాడిలో జంట టవర్లు కూలిన చోటు) మీద మసీదు కట్టించాడు, కాబట్టి మీ టౌన్‌షిప్‌లో మసీదు ప్లాను వస్తే హిందువులంతా వెళ్లి అడ్డుకోండి! పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

మాంద్యం మొదలైంది 2007 డిసెంబర్‌లో. లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది 2008 సెప్టెంబర్‌లో. 2009 జనవరి ఒక్క నెలలోనే 8 లక్షలకు దగ్గరగా ఉద్యోగాలు పోయాయి. 20వ తేదీ మధ్యాహ్నం కుర్చీ ఎక్కినవాడు ఒకటో తేదీ నుంచే పీకేయించాడా? 2009 బడ్జెట్ లోటు సంగతీ అంతే. ఆ ఆర్థిక సంవత్సరం 2008 అక్టోబర్ 1న మొదలైంది. ఆయన రాకముందే ఆ ఏటి లోటు 1.2 లక్షల కోట్ల డాలర్లకు చేరుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క చెప్పేసింది.

మునుగుతున్న బ్యాంకులకిచ్చిన టార్ప్ అనే సాయం వేరు, స్టిములస్ వేరు. మొదటిది 70,000 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చంటూ 2008 అక్టోబర్‌లో బుష్ సంతకం పెట్టింది. రెండోది 2009 ఫిబ్రవరి నాటి 78,700 కోట్ల ప్యాకేజీ. అందులో మూడో వంతుకు పైగా పన్ను తగ్గింపులే. ఒక్కరికి 400 డాలర్లు, దంపతులకు 800. చెక్కు పంపకుండా జీతంలో కోసే పన్ను తగ్గించారు, వారానికి ఏ పది డాలర్లో. పేస్టబ్ (జీతం స్లిప్పు) చూసుకోనివాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఒక్కచోట మాత్రం మెసేజ్‌ది పైచేయి. ప్యాకేజీ వస్తే నిరుద్యోగం 8 శాతం దాటదని ఒబామా సలహాదారులు గ్రాఫు గీసి మరీ చూపించారు. అక్టోబర్‌కల్లా 10 శాతమైంది. పోయిన ఉద్యోగాల సంఖ్య పూడేసరికి 2014 వచ్చింది. డెమొక్రాట్లు దాన్ని గొప్ప రికవరీగా చెప్పుకోవడం నాకూ మింగుడుపడదు.

ఖురాన్ పట్టుకున్నది కీత్ ఎలిసన్, 2007లో, కాంగ్రెస్ సభ్యుడిగా. ఒబామా చేతిలో ఉన్నది లింకన్ బైబిల్.

గ్రౌండ్ జీరో మీద మసీదు లేదు. 2010లో రగడ జరిగింది అక్కడికి రెండు బ్లాకుల అవతల, పార్క్ ప్లేస్‌లోని పాత దుకాణం బిల్డింగు గురించి. స్విమ్మింగ్ పూలు, ఆడిటోరియం, నమాజు గది అంటూ అనుకున్న 13 అంతస్తులు లేవనే లేదు. తర్వాత అక్కడ లేచింది ఖరీదైన అపార్ట్‌మెంట్ల టవరు. కట్టుకునే హక్కు ముస్లింలకుందని ఇఫ్తార్ విందులో ఒబామా అన్న మాట నిజమే. అక్కడ కట్టడం మంచిదా కాదా అన్నది నేను చెప్పనంటూ మర్నాడే జారుకున్నాడు కూడా.

అసలు విషమంతా చివరి పాయింటులో ఉంది. న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్ తెలుగువాళ్లకి కొత్త కాదు, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. 2011లో ఒక ముస్లిం సంస్థ అక్కడ పాత హోటల్ భవనాన్ని మసీదుగా మార్చుకుంటామని దరఖాస్తు పెట్టుకుంది. టౌన్‌షిప్ (ఆ ఊరి పాలకసంస్థ) హడావుడిగా రూలు మార్చి, ప్రార్థనా మందిరాలు ఫలానా పెద్ద రోడ్ల మీదే ఉండాలంది. కేసు ఫెడరల్ కోర్టుకెక్కింది. 2014లో 77.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. టౌన్‌షిప్ మెడలు వంచింది ఆర్‌లూపా అనే 2000 నాటి చట్టం. ప్రార్థనా స్థలాల మీద జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే రూళ్లు) పేరుతో మోయలేని భారం వేయకూడదు, ఒక మతానికి ఒక రూలూ ఇంకో మతానికి ఇంకో రూలూ పెట్టకూడదు అంటుంది. మన గుళ్లకు ఉన్న అండ కూడా అదే.

ప్లాన్లకు అనుమతిచ్చే బోర్డు మీటింగులో ఎవరూ ముస్లింలు వద్దనరు. ట్రాఫిక్ అంటారు, సెప్టిక్ అంటారు, పార్కింగ్ అంటారు. చాలా ఊళ్లలో మూడు నాలుగు సీట్లకు ఒక కారు చొప్పున లెక్క. చర్చిలో బెంచీలుంటాయి కాబట్టి ఇట్టే తేలిపోతుంది. మసీదులోనూ గుడిలోనూ కూర్చునేది నేల మీదే కదా, చదరపు అడుగుకి ఎంతమందన్న దగ్గరే నెలల తరబడి సాగదీయొచ్చు. శుక్రవారం నమాజుకు ఎన్ని కార్లని అడిగిన నోరే వైకుంఠ ఏకాదశికి ఎన్నని అడుగుతుంది. 2017లో కాన్సస్‌లో తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినవాడు ఆయన్ని ఇరానియన్ అనుకున్నాడు. అలాంటివాళ్లు మనల్ని వేరుగా చూస్తారన్న భరోసా ఎక్కణ్ణుంచి వచ్చిందో!

నివాస జోన్‌లో ఎత్తు హద్దు మామూలుగా 35 అడుగులు. మినార్‌కి మినహాయింపు వద్దని మీరు మైకు ముందు చెప్పిన ప్రతి మాటా రికార్డవుతుంది. రాజగోపురానికి వేరియన్స్ (ఆ హద్దు నుంచి మినహాయింపు) అడిగిన రోజు అవతలి లాయరు దాన్నే చదువుతాడు.