కొవ్వొత్తిని కాసేపు వెలగనివ్వండి బాబూ!

మరియమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, కళ్లు మూసుకుని పరలోక జపం సగం చెప్పానో లేదో, పక్కావిడ దాన్ని ఉఫ్‌మని ఊదేసి అదే చోట తనది గుచ్చేసింది. ఏమ్మా, మీ మొక్కుకి చోటు కావాలంటే నా మొక్కు ఆరిపోవాలా?

మనం ఇంటికెళ్లిపోయినా మన ప్రార్థన అక్కడే నిలబడి ఉంటుందనే కదా కొవ్వొత్తి పెట్టేది! ఊదేవాళ్లు లేకపోతే ఊడ్చేవాళ్లు తయారు. మైనం ఇంకా కారుతుండగానే చాకుతో గీకి, వేలెడు కూడా కాలని వాటిని బకెట్లోకి తోసేస్తారు.

కొన్ని చర్చిల్లో అసలు మంటే ఉండదు. నాణెం వేస్తే బుల్లి బల్బు వెలుగుతుంది. మసికి గోడల మీద బొమ్మలు నల్లబడతాయని, నిప్పు భయమని అంటారు. నిజమే, కాదనను. కానీ స్విచ్చి ముందు మోకరిల్లమంటే నాకు మాత్రం మనసొప్పదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఈస్టర్ ముందు రాత్రి చేసే జాగరణలో. సిలువ, ఆల్ఫా, ఒమేగా అనే గ్రీకు అక్షరాలు, ఆ ఏటి అంకెలు చెక్కిన పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తిని బయట కొత్త నిప్పుతో వెలిగించి, చీకటిగా ఉన్న చర్చిలోకి తెస్తారు. ఆ ఒక్క మంట నుంచే ఒకరి కొవ్వొత్తి నుంచి ఇంకొకరిది అంటుకుంటూ పోతుంది. ఏడాదంతా ఎదురుచూసేది ఆ చీకటి కోసమే. సరిగ్గా అప్పుడే వీడియో తీసుకోవడానికి ఒకాయన ఫోన్ టార్చి వేస్తాడు, మా మొహాల మీదికి!