తెడ్డు పట్టినవాళ్లని మర్చిపోయిన సినిమా

మొన్న శనివారం రాత్రి "300: రైజ్ ఆఫ్ ఏన్ ఎంపైర్" మళ్లీ చూశాను. 2014 మార్చిలో విడుదలైనప్పుడు థియేటర్‌లో చూశాను. అప్పటికి నాకు గ్రీకు చరిత్రలో ఓనమాలు కూడా రావు. రక్తం స్లో మోషన్‌లో ఎగిరి పడుతుంటే కళ్లప్పగించి చూశాను, బాగుందనే అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఈ సినిమాకి మూలమైన సలామిస్ యుద్ధం, అంటే క్రీ.పూ. 480లో ఏథెన్స్ పక్కనున్న సలామిస్ ద్వీపం దగ్గర గ్రీకులు పర్షియా నౌకాదళాన్ని ఓడించిన యుద్ధం, నన్ను పట్టుకుని వదల్లేదు. దొరికిందల్లా చదువుతూ వచ్చాను. అందుకే ఈసారి సినిమా అయిపోయాక నిద్ర పట్టలేదు. కోపం, దానికి మించి బాధ. ఇక్కడ రాస్తే తప్ప ఆ బాధ తగ్గేలా లేదు.

"సినిమాని సినిమాలా చూడాలి" అని కింద కామెంట్ పెట్టబోయేవాళ్లకి ముందే చెప్తున్నాను, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అంతకు పదేళ్ల ముందు జరిగిన మారథాన్ యుద్ధంలో సినిమా హీరో, ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ బాణం వేసి పర్షియా రాజు డేరియస్‌ని కొట్టినట్టు చూపించారు. నిజానికి డేరియస్ ఆ యుద్ధానికి రానే లేదు. క్రీ.పూ. 490లో అక్కడికి సైన్యాన్ని తెచ్చింది అతని సేనానులు డాటిస్, అర్తఫెర్నిస్. డేరియస్ పోయింది ఇంకో నాలుగేళ్లకి. సరే, కథ కోసం మార్చుకున్నారు, పోనివ్వండి. నన్ను తొలిచేస్తున్నది వేరే సంగతి. సలామిస్‌ని గెలిపించినవాళ్లు ఈ సినిమాలో లేరు.

సినిమాలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఆలస్యం, అందరూ డెక్ మీదికి దూకి కత్తులు తీస్తారు. హీరో ఓడ మీదే గుర్రం ఎక్కి మంటల్లోంచి దూసుకెళ్తాడు. సముద్రం ఉన్నది వెనకాల ఎగిసిపడడానికే. కానీ ఆ కాలపు యుద్ధ నౌక, ట్రైరీం అంటారు, దానికదే ఒక ఆయుధం. పొడవు దాదాపు 37 మీటర్లు, వెడల్పు ఐదున్నర మీటర్లు. ముక్కు దగ్గర నీటి మట్టంలో కంచుతో చేసిన పోటు. లోపల మూడు వరసల్లో 170 మంది, మనిషికో తెడ్డు. డెక్ మీద ఆయుధాలు పట్టుకున్నవాళ్లు ఓ పదిహేను మంది ఉంటారేమో, అంతే. ఓడ వేగమే దెబ్బ. శత్రువు ఓడ పక్కటెముకల్లోకి పోటు దించాలి, దించిన మరుక్షణం వెనక్కి లాగేయాలి. లేకపోతే మునిగే ఓడతో పాటు మనమూ ఇరుక్కుపోతాం.

ఒక్కసారి కింది వరసలో కూర్చున్నవాడి సంగతి ఆలోచించండి. నీటికి మూరెడు ఎత్తులో, చీకట్లో, పైవాళ్ల చెమట మీద పడుతుంటే కూర్చుని ఉన్నాడు. శత్రువు కనపడడు, ఆకాశం కనపడదు. వినపడేది పిల్లనగ్రోవి లాంటి వాద్యం మీద వాయించే తాళం, ఆజ్ఞలిచ్చేవాడి కేక. ఒక్క తెడ్డు తాళం తప్పితే పక్క తెడ్డుకి తగులుతుంది, ఓడ తడబడుతుంది. ముందుకన్నారా, వెనక్కన్నారా అన్నది చెవులతో విని, ఏం జరుగుతోందో తెలియకుండానే ప్రాణం పెట్టి లాగాలి. 1987లో గ్రీసులో ఇలాంటి ఓడని మళ్లీ కట్టారు, ఒలింపియాస్ అని పేరు. ఇప్పటి మనుషులే దాన్ని తొమ్మిది నాట్ల వేగంతో, అంటే గంటకి దాదాపు 17 కిలోమీటర్లతో, నడిపారు. అంతమంది ఒక్క మనిషిలా కదిలితే ఎలా ఉంటుందో ఈ సినిమాకి ఉన్న గ్రాఫిక్స్‌తో చూపించి ఉంటే నేను ఇంకో పదిసార్లు చూసేవాణ్ణి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఏథెన్స్ ఓడల్లో తెడ్లు వేసింది ఎక్కువగా స్వేచ్ఛ ఉన్న పౌరులు. అందులోనూ చాలామంది కవచం కొనుక్కునే స్తోమత లేని పేదవాళ్లు. నేల మీద యుద్ధమంటే కవచం, డాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే పేరంతా డబ్బున్నవాళ్లకే వచ్చేది. సముద్రం మీద కావలసింది మాత్రం రెండు చేతులు, గట్టి నడుం. సలామిస్‌లో ఏథెన్స్ ఓడలు 180. లెక్క వేసుకోండి, ముప్పై వేల మందికి పైనే. ఊరిని కాపాడింది ఆ చేతులే. తర్వాతి రోజుల్లో ఏథెన్స్‌లో పేదల మాటకి బలం పెరగడానికి ఈ తెడ్లే ఒక పెద్ద కారణం. అలాంటి గెలుపుని తీసుకెళ్లి ఆరు పలకల పొట్టలున్న నలుగురు కత్తివీరులకి కట్టబెట్టారు. నాకు మండేది ఇక్కడే.

ఆ ఓడలు ఎలా వచ్చాయో అది కూడా ఎంత గొప్ప కథో! క్రీ.పూ. 483లో ఏథెన్స్‌వాళ్ల లారియన్ గనుల్లో వెండి విపరీతంగా పడింది. తలా పది డ్రాక్మాలు (అప్పటి వెండి నాణేలు) పంచుకుందామని ఊళ్లో మాట వచ్చింది. థెమిస్టోక్లిస్ లేచి, వద్దు, ఆ డబ్బుతో ఓడలు కడదామన్నాడు. పర్షియా పేరు చెప్తే అది ఎక్కడో దూరం అనుకుంటారని, పక్కనే ఉన్న ఈజినా ద్వీపంతో గొడవని సాకుగా చూపించాడు. చేతిదాకా వచ్చిన డబ్బుని జనం వదులుకున్నారు. మూడేళ్లకి ఆ ఓడలే లేకపోతే ఏథెన్స్ లేదు. ఈ ఒక్క సభ చాలు, అరగంట సినిమా. ఒక నాయకుడు సగం నిజం చెప్పి జనాన్ని ఒప్పించడం కన్నా పెద్ద డ్రామా ఏముంటుంది?

ఆ తర్వాత ఊరు ఖాళీ చేయడం. ఆడవాళ్లని, పిల్లల్ని ట్రోజెన్‌కి, ఈజినాకి, సలామిస్‌కి పడవల్లో పంపించేశారు. క్సాంతిప్పస్ అనే పెద్దమనిషి కుక్క యజమానిని వదల్లేక ఓడ వెంటే ఈదుకుంటూ సలామిస్ ఒడ్డుకి చేరి, అక్కడే ప్రాణం విడిచిందని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. చదివిన రోజు ఆ పేజీ దాటలేకపోయాను. అవతలి ఒడ్డున ఊరు తగలబడుతుంటే ఇవతల నిలబడి చూసినవాళ్లే ఆ తర్వాత తెడ్లు పట్టారు.

గెలుపు కూడా బలంతో రాలేదు. థెమిస్టోక్లిస్ తన పిల్లల్ని చూసుకునే సికిన్నస్ అనే బానిసని రాత్రికి రాత్రి పర్షియన్ల దగ్గరికి పంపాడు. గ్రీకులు పారిపోబోతున్నారు, ఇప్పుడే దారి మూసేయండని కబురు. వాళ్లు నమ్మారు. రాత్రంతా నిద్ర లేకుండా తెడ్లు వేస్తూ కాపలా కాశారు. తెల్లారేసరికి అలిసిపోయిన చేతులతో ఇరుకు జలసంధిలోకి వచ్చారు. అంత పెద్ద నౌకాదళం అక్కడ తిరగడానికి చోటు లేక తన ఓడలనే తాను గుద్దుకుంది. సినిమాలో మాత్రం చివర్లో స్పార్టా నౌకాదళం వచ్చి ఆదుకుంటుంది. అసలు స్పార్టా తెచ్చినవి 16 ఓడలు. గ్రీకు ఓడలన్నిటికీ పెద్ద స్పార్టా మనిషే, యూరిబయడీస్. అతన్ని అక్కడే ఉండి పోరాడమని ఒప్పించడానికే థెమిస్టోక్లిస్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక పర్షియా పక్షాన పోరాడిన ఆర్టెమీసియా. ఎవా గ్రీన్ నటన గురించి నాకు రెండో మాట లేదు, సినిమా మొత్తాన్ని ఆవిడే మోసింది. కానీ రాసినవాళ్లు ఆ పాత్రకి ఇచ్చింది పగ ఒక్కటే. గ్రీకులు చిన్నప్పుడు తన ఇంటివాళ్లని చంపారు కాబట్టి కసి, చివరికి హీరో కత్తికి చావు. నిజంగా ఆవిడ హాలికర్నాసస్ రాణి, ఇప్పటి టర్కీలోని బోడ్రం. భర్త పోయాక తనే పాలించింది. సొంతంగా ఐదు ఓడలు తెచ్చింది. సలామిస్‌లో సముద్రం మీద యుద్ధం వద్దని డేరియస్ కొడుకు, అప్పటి పర్షియా రాజు జెర్క్సీస్‌కి నిర్మొహమాటంగా చెప్పించింది ఆవిడ ఒక్కతే. యుద్ధంలో ఏథెన్స్ ఓడ తరుముకొస్తుంటే, దారికి అడ్డం వచ్చిన తమ పక్షం ఓడనే గుద్ది ముంచేసింది. తరిమేవాడు ఈ ఓడ మనదేనేమో అనుకుని వదిలేశాడు. కొండ మీద సింహాసనం వేసుకుని చూస్తున్న జెర్క్సీస్ ఆవిడ ముంచింది శత్రువు ఓడ అనుకుని మెచ్చుకున్నాడట. ఆవిడ చావలేదు. ఆవిణ్ణి ప్రాణాలతో పట్టుకుంటే పదివేల డ్రాక్మాలిస్తామని ప్రకటించిన ఏథెన్స్‌వాళ్ల చేతికి చిక్కనే లేదు. రాజుగారి కొడుకుల్ని వెంటబెట్టుకుని క్షేమంగా ఎఫెసస్‌కి వెళ్లిపోయింది. ఇదంతా రాసి పెట్టిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆవిడ ఊరివాడే. ఇంత తెలివైన, ఇంత ప్రమాదకరమైన మనిషిని పగబట్టిన ఆడదానిగా కుదించేశారు.

పర్షియన్లని రాక్షసుల్లా చూపించడం మీద కూడా ఎంతైనా చెప్పొచ్చు. ఆ నౌకాదళంలో ఫినీషియన్లు, ఈజిప్షియన్లు, చివరికి పర్షియా ఏలుబడిలో ఉన్న అయోనియా గ్రీకులు కూడా ఉన్నారు. ఆ దండులో మన వైపు నుంచి వెళ్లిన భారతీయులు నూలు బట్టలు కట్టుకుని, వెదురు విల్లులు పట్టుకుని నడిచారని హెరొడోటస్ రాశాడు. వాళ్లెవరికీ మొహం లేదు ఇక్కడ.

ఆ యుద్ధం చూసిన తరానికి మాత్రం శత్రువు మొహం గుర్తుంది. క్రీ.పూ. 472లో, అంటే ఎనిమిదేళ్లకే, ఏథెన్స్ నాటకకర్త ఈస్కిలస్ సలామిస్ మీద నాటకం వేయించాడు. మారథాన్‌లో తను స్వయంగా పోరాడినవాడు. అయినా కథని పర్షియా రాజధానిలో పెట్టాడు. కొడుకు కబురు కోసం ఎదురుచూసే రాజమాత అటోసా, చచ్చిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివే వార్తాహరుడు, ఏడ్చే ముసలి మంత్రులు. ఏథెన్స్‌లో ఆ రోజు మెట్ల మీద కూర్చుని చూసినవాళ్లలో సలామిస్‌లో తెడ్డు పట్టినవాళ్లు ఎంతోమంది. తాము ముంచిన ఓడల్లోని మనుషుల పేర్లు అక్కడ కూర్చుని విన్నారు. వాళ్ల వెనక, కొండ మీద, పర్షియన్లు తగలబెట్టిన గుళ్లు ఇంకా శిథిలాలుగానే ఉన్నాయి.