అమెరికా కొడుక్కి ఉన్న ఓటు భరోసా ఆశ్రమంలోని అమ్మకేది?

ఎన్నికల సంఘం చేపట్టిన ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ (ఎస్ఐఆర్) మీద 2025 జూన్ నుంచి జరుగుతున్న రభస గురించి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బిహార్ ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు కనిపించకుండా పోయాయి. వాటిలో 36 లక్షలకు చూపించిన కారణం ‘శాశ్వతంగా వెళ్లిపోయారు లేదా చిరునామాలో దొరకలేదు’ అని. వలస కూలీల గురించి, బతికుండగానే చనిపోయినట్టు నమోదైనవాళ్ల గురించి ఎంతో చర్చ జరిగింది. జరగాల్సిందే. కానీ ‘చిరునామాలో దొరకలేదు’ అన్న మాట వింటే నాకు మొదట గుర్తొచ్చేవి మన ఊళ్లలో తాళాలు పడి ఉన్న పెద్దవాళ్ల ఇళ్లు. ఆ ఇళ్లవాళ్లు చనిపోలేదు. దేశం విడిచి వెళ్లలేదు. హైదరాబాద్ శివార్లలోనో, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలనో ఏదో వృద్ధాశ్రమంలో ఉన్నారు. పిల్లలు డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉన్నారు.

ఇలాంటివాళ్ల ఓటు గల్లంతైతే సిబ్బంది పొరపాటు అనుకుని సర్దుకుపోతాం. నేను ఆ మాటతో ఏకీభవించను. సిబ్బంది నిబంధనలన్నీ తూచా తప్పకుండా పాటించినా ఈ ఓటు పోతుంది. లోపం చట్టంలోనే ఉంది.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఒక నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయితేనే అక్కడి జాబితాలో పేరుంటుంది. సాధారణ నివాసి అంటే ఎవరో 20వ సెక్షన్ చెబుతుంది. అక్కడ సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసి అయిపోరు. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసి కాకుండా పోరు. ఇక ఉదాహరణకు ఒక పెద్దావిడ సంగతి చూడండి. తెనాలిలో ఆమెకు ఇల్లుంది, చట్టం దృష్టిలో అది చాలదు. నాలుగేళ్లుగా శంషాబాద్ దగ్గర ఆశ్రమంలో ఉంటోంది. ఇది తాత్కాలికమా, శాశ్వతమా? ఆమెను అడిగితే ‘ఎప్పటికైనా మా ఇంటికి వెళ్తాను’ అంటుంది. పిల్లల్ని అడిగితే మౌనంగా ఉంటారు. చట్టమూ ఏమీ చెప్పదు.

అదే చట్టం మిగతావాళ్ల విషయంలో ఎంత శ్రద్ధ చూపిందో గమనించండి. సైనికుడు ఎక్కడ డ్యూటీలో ఉన్నా, ఉద్యోగం లేకపోతే ఎక్కడ ఉండేవాడో అక్కడి నివాసిగానే లెక్క. ఎంపీ, ఎమ్మెల్యే విధుల మీద ఢిల్లీలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, పదవీకాలమంతా సొంత నియోజకవర్గం నివాసే. 2010లో చేసిన సవరణతో 20ఏ సెక్షన్ వచ్చింది. చదువు కోసమో, ఉద్యోగం కోసమో విదేశాల్లో ఉంటూ అక్కడి పౌరసత్వం తీసుకోనివాళ్లు తమ పాస్‌పోర్టులో ఉన్న చిరునామాతో ఇక్కడ ఓటరుగా నమోదు కావొచ్చు. ఇంటికి తాళం ఉందా, అక్కడ ఎవరైనా ఉంటున్నారా అన్న ప్రశ్నే లేదు. పోలింగ్ రోజున వచ్చి స్వయంగా ఓటేయాలి, అంతే.

అంటే పదిహేనేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్న కొడుక్కి, తెనాలి ఇంటి చిరునామా మీద ఓటరుగా ఉండే హక్కును చట్టం స్పష్టంగా రాసిచ్చింది. ఆ ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసి, ఆ ఇంటి పన్ను కట్టి, అదే రాష్ట్రం అంచునో పక్క రాష్ట్రంలోనో ఆశ్రమంలో ఉంటున్న తల్లికి రాసివ్వలేదు. ప్రవాసులకు ఇచ్చిన హక్కును నేను తప్పు పట్టడం లేదు, అది న్యాయమైనదే. సముద్రాలు దాటి వెళ్లినవాళ్ల అనుబంధాన్ని గుర్తించగలిగిన పార్లమెంటు, మోకాళ్ల నొప్పులతో రెండు జిల్లాలు దాటిన మనిషి అనుబంధాన్ని ఎందుకు గుర్తించలేదన్నదే నా ప్రశ్న.

ఆచరణలో ఏం జరుగుతుందో చూద్దాం. బూత్ స్థాయి అధికారి, అంటే మనం బీఎల్వో అని పిలిచే అంగన్‌వాడీ టీచరో, సచివాలయ ఉద్యోగో, ఇంటింటికీ తిరుగుతారు. తాళం కనిపిస్తుంది. పక్కింటివాళ్లను అడిగితే ‘వాళ్లు ఇక్కడ ఉండటం లేదండీ’ అంటారు. అది నిజమే. బీఎల్వో కాగితం మీద ‘షిఫ్టెడ్’ అని రాస్తారు. పేరు తీసేసే ముందు ఆ ఓటరుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటోంది. మంచి నిబంధన. కానీ ఆ నోటీసు ఎక్కడికి వెళ్తుంది? జాబితాలో ఉన్న చిరునామాకి. అంటే ఆ తాళం వేసిన ఇంటికే. గడువు ముగిశాక జవాబు రాలేదని పేరు కొట్టేస్తారు. ఇందులో ఎవరూ నిబంధన తప్పలేదు, ఎవరి మీదా చర్య తీసుకోలేం. ఓటు మాత్రం పోయింది.

పోనీ, ఆశ్రమం చిరునామాకే ఓటు మార్చుకోవచ్చు కదా అంటారు. ఫారం 8 ఉంది నిజమే. దానికి నివాస రుజువు కావాలి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, గ్యాస్ కనెక్షన్, రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ వంటివి. ఆశ్రమంలో పది అడుగుల గదిలో ఇంకొకరితో కలిసి ఉంటున్న మనిషి పేరున కరెంటు బిల్లు ఎలా ఉంటుంది? మిగిలింది ఆధార్. ఆధార్‌లో ఊరు మారిస్తే పింఛను ఆగిపోతుందేమో, రేషన్ కార్డులోంచి పేరు పోతుందేమో, ఊళ్లో ఉన్న అరెకరం మీద ఎవరైనా పేచీ పెడతారేమో అని పెద్దవాళ్లకు టెన్షన్. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదని నేను అనలేను. మన దగ్గర ఒక కాగితం మారిస్తే నాలుగు కాగితాలు కదులుతాయి. ఓటు కోసం పింఛనును పణంగా పెట్టమని ఎవరు చెప్పగలరు?

ఇంటి నుంచి ఓటు సదుపాయం వచ్చాక సమస్య తీరిపోయిందనే అభిప్రాయం ఒకటుంది. సదుపాయం గొప్పదే. 2019లో నిబంధనలు మార్చి 80 దాటినవాళ్లకు, 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. స్వతంత్ర భారత తొలి ఓటరుగా పేరుపొందిన శ్యామ్ శరణ్ నేగీ 2022 నవంబరులో హిమాచల్‌లోని తన ఇంట్లోనే ఓటేసి, మూడు రోజులకు కన్నుమూశారు. తెలంగాణలో 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో 80 దాటినవాళ్లు ఇంటి నుంచే ఓటేశారు. 2024 మార్చిలో ఆ వయసును 85కి పెంచేశారు. చాలామంది పెద్దలు బూత్‌కే వచ్చి ఓటేయడానికి ఇష్టపడుతున్నారన్నది అప్పుడు వినిపించిన వాదన. ఫలితం ఏమిటంటే, 2023 నవంబరులో మంచం దగ్గరే ఓటేసిన 82 ఏళ్ల మనిషి, ఆరు నెలలు తిరక్కుండానే 2024 మే 13న లోక్‌సభకు ఇంటి నుంచి ఓటేయడానికి అనర్హుడయ్యాడు. మండు వేసవిలో బూత్‌కి రమ్మన్నారు. ఆరు నెలల్లో అతని మోకాళ్లు బాగుపడలేదు, నిబంధన మారింది. సదరం సర్టిఫికెట్ ఉంటే వైకల్యం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ వయసుతో వచ్చిన నడుము నొప్పికీ, వణుకుకీ సదరం క్యాంపు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది?

పైగా ఇంటి నుంచి ఓటు కోసం పెట్టుకునే దరఖాస్తు, ఫారం 12డీని, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఆ ఫారం పట్టుకుని బీఎల్వో వెళ్లేది మళ్లీ జాబితాలో ఉన్న ఇంటికే. తెనాలి జాబితాలో పేరున్న పెద్దావిడ కోసం తెనాలి పోలింగ్ బృందం శంషాబాద్ దాకా రాదు. కాబట్టి ‘ఇంటి నుంచి ఓటు’ అనేది ఇల్లు వదలనివాళ్లకే. ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్లకు కాదు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘాల పరిధిలో, వేరే నిబంధనల మీద జరుగుతాయి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో తెచ్చిన ఈ సదుపాయం వాటికి దానంతటది వర్తించదు.

ఆశ్రమాలకు పోలింగ్ బృందాలను పంపితే మేనేజర్ ఏ గుర్తు చెబితే దానికే అందరూ గుద్దేస్తారని, గుత్తగా ఓట్లు పడతాయని కొందరి భయం. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. అన్నం పెట్టేవాడి మాట కాదనడం కష్టం. 2024 ఏప్రిల్‌లో కేరళలోని కన్నూర్ జిల్లాలో ఇంటి ఓటింగ్ సమయంలో ఒక పార్టీ ఏజెంటు 92 ఏళ్ల వృద్ధురాలి ఓటు విషయంలో జోక్యం చేసుకున్న వీడియో బయటపడింది. పోలింగ్ సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కెమెరా, సిబ్బంది, నిబంధన ఉన్నాయి కాబట్టే ఆ తప్పు దొరికింది. బృందం రాని ఆశ్రమంలో ఎవరి ఓటు ఎవరు వేశారో, అసలు ఓటుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఒత్తిడి పెట్టే అవకాశం ఉందని అసలు ఓటే లేకుండా చేయడం న్యాయం కాదు. ఆ లెక్కన భర్తలు ఒత్తిడి పెడతారని భార్యలకు, ఆసాములు ఒత్తిడి పెడతారని కూలీలకు ఓటు ఇవ్వకూడదు.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. ‘ఆమెకు మతిమరుపండీ, ఇప్పుడు ఓటెందుకు?’ రాజ్యాంగంలోని 326వ అధికరణ మానసిక స్థితి ఆధారంగా ఓటు నిరాకరించవచ్చని చెబుతున్నా, 1950 చట్టం 16వ సెక్షన్ ప్రకారం అలా తేల్చాల్సింది కోర్టు. మేనేజర్ కాదు, కోడలు కాదు, బీఎల్వో కాదు, ఆఖరికి డాక్టరు కూడా కాదు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా స్పష్టం చేసింది. పొద్దున తిన్న టిఫిన్ మర్చిపోయే మనిషికి తను ఏ పార్టీకి ఓటు వేయాలనుకుంటున్నదీ తెలిసే ఉండొచ్చు. తెలియదని ఇంట్లోవాళ్లు తేల్చేయడానికి వీల్లేదు.

నిజానికి ఈ ఓటు గొడవ వెనుక నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. మన రాజకీయాల్లో పెద్దవాళ్లు లబ్ధిదారులుగా కనిపించినంతగా పౌరులుగా కనిపించరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను, ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయ ఉద్యోగులు ఇంటికి తెచ్చి చేతిలో పెడుతున్నారు. చాలా మంచి పని. అంతకుముందు ఎన్నికల వేళ వాలంటీర్లు డబ్బు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించినప్పుడు, 2024 ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు సచివాలయాల దాకా, మే నెలలో బ్యాంకుల దాకా నడవాల్సి వచ్చింది. రెండు పక్షాలూ ఆ దృశ్యాలను చూపించి ఒకరినొకరు తిట్టుకున్నాయి. పెద్దవాళ్లను నడిపించడం ఎంత ఘోరమో ఆ నెలల్లో అందరూ మాట్లాడారు. అదే మే 13న, అదే ఎండలో, అదే మనుషుల్లో 85 నిండనివాళ్లు బూత్‌కి నడుస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. డబ్బు ఇచ్చేటప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లగలిగిన యంత్రాంగం, ఓటు తీసుకునేటప్పుడు మనిషిని ఎందుకు వెతకలేదు?

వృద్ధాప్యం గురించి నాయకులు ఈమధ్య చాలా మాట్లాడుతున్నారు. జనాభా ముసలిదవుతోందనే ఆందోళనతో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. పిల్లల్ని కనండి అంటున్నారు. ఆ చర్చ అంతటా వృద్ధులు ఒక బరువుగానే వినిపిస్తారు. మందుల ధరలు, రైలు రాయితీలు, ఆశ్రమాల్లో తనిఖీలు, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం చెప్పినట్టు జిల్లాకొక ప్రభుత్వ వృద్ధాశ్రమం, వీటి గురించి నాయకులను నిలదీయాల్సింది ఎవరు? ఆశ్రమంలో ఉన్న మనిషే. ఓటు లేని మనిషి దగ్గరికి ఏ అభ్యర్థీ రాడు. అభ్యర్థి రాని చోట పప్పులో నీళ్లెన్ని పోశారో, రాత్రి నర్సు ఉందో లేదో అడిగేవాడుండడు.

పరిష్కారం కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఆస్ట్రేలియా, కెనడాల్లో సంచార పోలింగ్ బృందాలు వృద్ధుల కేంద్రాలకు వెళ్లడం మామూలు విషయం. మన దగ్గరే గిర్ అడవిలోని బాణేజ్‌లో ఒకే ఒక్క ఓటరు కోసం బూత్ పెట్టిన ఎన్నికల సంఘం మనది. గూడులేనివాళ్లు ఫుట్‌పాత్ చిరునామాతో దరఖాస్తు చేస్తే బీఎల్వో రాత్రిపూట వెళ్లి చూసి నమోదు చేయాలని, వేరే కాగితం అడగక్కర్లేదని ఎన్నికల సంఘమే చెప్పింది. హాస్టల్ విద్యార్థి సొంత ఊళ్లోనైనా, హాస్టల్ చిరునామాలోనైనా, తన ఇష్టం వచ్చిన చోట ఓటు పెట్టుకోవచ్చు. ప్రిన్సిపాల్ ఇచ్చిన ధ్రువపత్రం చాలు. ఆ ఆదేశంలో ‘విద్యార్థి’ పక్కన ‘వృద్ధాశ్రమ నివాసి’ అని చేర్చడానికి పార్లమెంటు కూడా అక్కర్లేదు, సంఘం ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ఆశ్రమం నిర్వాహకుడి పత్రంతో పాటు నివాసి సంతకమో వేలిముద్రో బీఎల్వో స్వయంగా తీసుకోవాలి. ఊరి ఓటే ఉంచుకోవాలా, ఇక్కడికి మార్చుకోవాలా అన్నది ఆ నివాసే చెప్పాలి, పిల్లలు కాదు. ఇక్కడికి మార్చుకున్నవాళ్లకు 85 ఏళ్ల పరిమితి లేకుండా, ఆశ్రమం మొత్తానికి ఒకే రోజు బృందం వెళ్లాలి. ఊరి ఓటు ఉంచుకున్నవాళ్లకు పోస్టు ద్వారా బ్యాలెట్ పంపాలి.

85 ఏళ్ల పరిమితి తీసేయడానికి నిబంధనలు మారాలి, ఈ చివరి దానికైతే చట్టం, నిబంధనలు రెండూ మారాలి. 20వ సెక్షన్‌లో ఎమ్మెల్యేల కోసం ఒక ఉపసెక్షన్ ఉన్నట్టే, వయసు వల్లనో అనారోగ్యం వల్లనో సంరక్షణ కేంద్రంలో ఉంటున్న మనిషి, తాను కోరుకున్నంత కాలం పాత చిరునామాలోనే సాధారణ నివాసి అని ఒక్క వాక్యం చేర్చాలి. ఆ చిరునామాకు పంపే ప్రతి నోటీసు నకలు ఆశ్రమానికి కూడా చేరాలని ఇంకో వాక్యం. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. పార్టీ విప్ కోసం చూడకుండా, వాళ్లలో మంత్రులు కానివాళ్లు ఎవరైనా దీన్ని ప్రైవేటు మెంబరు బిల్లుగా వచ్చే సమావేశాల్లోనే పెట్టవచ్చు.