నీలం లేని గ్రే

మా వంటింటికి గ్రే కప్‌బోర్డులు పెట్టిద్దామన్నది నేనే. ఎలాగూ బయటపడే విషయం కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. "గ్రే అయితే గట్టు మీదకి ఏ రాయైనా నప్పుతుంది" అని మా ఆవిడకి ధైర్యం కూడా చెప్పాను.

గ్రే అంత అమాయకమైన రంగు కాదు. ఒకదాంట్లో నీలం నక్కి ఉంటుంది, ఒకదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో వంకాయ రంగు, మరోదాంట్లో మట్టి రంగు. విడిగా చూస్తే అన్నీ బుద్ధిగానే కనిపిస్తాయి. పక్కన ఓ రాయి పెట్టగానే వాటి అసలు గుణం బయటపడుతుంది. ఇదంతా చదివి తెలుసుకున్నాక, తగుదునమ్మా అని కొత్త కప్‌బోర్డు తలుపు, అదే షట్టర్, ఒకటి విప్పించి, దుప్పటి చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి రాళ్ల షాపుకి బయలుదేరాను.

దారిలో మా ఆవిడ అంది, "ఏవండీ, ఈ మూల ఏదో లేస్తోంది."

"గోకకు, రంగు పోతుంది" అని బొటనవేలితో నొక్కి అంటించాను. ఈ వేలి సంగతి గుర్తుపెట్టుకోండి.

షాపులో మొదట గ్రానైట్ చూశాం. గట్టిది, వేడికి జంకదు. చేతిలో ఇమిడే ముక్క చక్కగానే ఉంది గానీ, నిలువెత్తు పలక చూస్తే దాని నిండా ఎర్రటి చుక్కలు. తర్వాత పాలరాయి. మా ఆవిడ దాని ముందునుంచి కదల్లేదు. షాపతను మంచివాడు, ఓ ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపాగి తుడిచాడు. అక్కడ నిగనిగ పోయి గుండ్రటి మచ్చ మిగిలింది. పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్ కదా, పులుపు దాన్ని తినేస్తుంది. రోజూ వంట చేసే గట్టు మీద ఇంత సుకుమారం మాకు పనికిరాదు. చివరికి క్వార్ట్జ్ దగ్గర ఆగాం. తొంభై శాతం దాకా రాతిపొడి, మిగతాది దాన్ని పట్టి ఉంచే రెసిన్. మరక త్వరగా పట్టదు, మరకలు ఇంకకుండా సీలర్ పూత పూయక్కర్లేదు. పొయ్యి మీది గిన్నె మాత్రం నేరుగా దించకూడదు, రెసిన్ మాడుతుంది.

తెలుపు మీద నీలి చారలున్న పలక ఎంచుకున్నాం. మా షట్టర్‌లో సన్నగా నీలం ఉంది మరి! నేను ఊరికే నమ్మే రకం కాదు. ఎండలో చూశాను, నీడలో చూశాను. 2700 కెల్విన్ పసుపు బల్బు కింద, 6500 తెల్ల బల్బు కింద కూడా చూశాను. ఎక్కడ చూసినా అతికినట్టే ఉంది. షాపతను నన్ను అదోలా చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

గట్టుకీ పై అరలకీ మధ్య ఉండే 18 అంగుళాల గోడకి నీలి టైల్స్ తెచ్చి, నమూనాగా నాలుగు ముక్కలు టేపుతో అంటించి వారం రోజులు చూసుకున్నాం. మధ్య గీతల్లో నింపే గ్రౌట్ కూడా నీలం ఛాయదే కొన్నాను.

గట్టు బిగించిన మర్నాడు హ్యాండిల్స్ పెట్టడానికి కార్పెంటర్ వచ్చాడు. షట్టర్ మూల గోరుతో గీకి, పట్టుకుని లాగాడు. చర్రుమంది. నా గుండె కూడా.

"అయ్యో, రంగు!" అన్నాను.

"రంగేంటి సార్, గీతలు పడకుండా వేసిన ప్లాస్టిక్ కవరు. ఇన్నాళ్లూ తీయలేదా?"

లోపల మెత్తటి మట్టి ఛాయ గ్రే. చలికాలం పొద్దుటి ఎండలా వెచ్చగా, చాలా అందంగా ఉంది. నీలమన్నది మచ్చుకైనా లేదు. నీలమంతా ఆ కవరుదే. ఆ కవరుకి మ్యాచింగ్‌గా మేం ఏకంగా రాతిగట్టే కట్టించేశాం.

మా ఆవిడ ఏమీ అనలేదు. నా బొటనవేలు వైపు చూసింది, అంతే.

రాయి ఇక కదలదు. టైల్స్ ఇంకా అంటించలేదు కాబట్టి, తెలుపులో కాస్త మట్టి రంగు కలిసినవి తెచ్చి రెండిటికీ రాజీ కుదర్చాలని తీర్మానమైంది. తెచ్చే బాధ్యత మా ఆవిడది. మోసే బాధ్యత నాది.

సింకు పక్కన మూల షట్టర్‌కి మాత్రం కవరు అలాగే ఉంచేశాను. గట్టుకి అదొక్కటే భలే మ్యాచ్ అయింది. అంచు లేచినప్పుడల్లా, ఎవరూ చూడకుండా, బొటనవేలితో నొక్కి వస్తుంటాను.